మాట్లాడించడమే పాఠం: ఆన్‌లైన్ ఇంగ్లీషు టీచరుగా మొదలుపెట్టేవారికి

ఇరవై అయిదు నిమిషాల ట్రయల్ క్లాసు. అవతల కెమెరా ముందు ఒక ఉద్యోగిని, ఇవతల కొత్తగా చేరిన టీచరు. మొదటి నాలుగు నిమిషాలు టీచరు తన పరిచయం చెప్పుకుంటారు. తర్వాత తన పద్ధతి ఏమిటో, ఏ పుస్తకం వాడతారో, ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ ఎందుకు ముఖ్యమో స్లైడ్ల మీద చూపిస్తారు. మధ్యమధ్యలో "అర్థమైందా?" అని అడుగుతారు. ఆమె "యెస్" అంటుంది. క్లాసు బాగానే జరిగిందనిపిస్తుంది. కానీ ఆమె మళ్లీ బుక్ చేయదు. ఎందుకో టీచరుకు అంతుపట్టదు. ఆ క్లాసు రికార్డింగును స్టాప్‌వాచ్ పెట్టుకుని వింటే మాత్రం సంగతి బయటపడుతుంది. మొత్తం క్లాసులో ఆమె మాట్లాడింది మూడు నిమిషాలు కూడా లేదు. అందులోనూ సగం "యెస్", "ఓకే"లే.

ఇంగ్లీషు వినడానికైతే ఇంటర్నెట్ నిండా ఉచిత వీడియోలున్నాయి. గ్రామర్ సూత్రం కావాలంటే ఏ చాట్‌బాట్‌ను అడిగినా క్షణంలో చెబుతుంది. ఆమె డబ్బు కట్టి, తీరిక చేసుకుని వచ్చింది మాట్లాడడానికి. తడబడినా నవ్వకుండా వినే మనిషి కోసం, మాట దొరకని చోట అందించే మనిషి కోసం, నిన్న చేసిన తప్పు ఇవాళ మళ్లీ చేస్తే గుర్తుపట్టే మనిషి కోసం వచ్చింది. ఆన్‌లైన్ ఇంగ్లీషు టీచింగ్ అనే పనంతా దీని మీదే నిలబడి ఉంది. ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఏ ప్లాట్‌ఫామ్‌లో చేరాలి, ఫీజు ఎంత పెట్టాలి అన్న ప్రశ్నలు కొత్తవారిని బాగా వేధిస్తాయి. అవతలి మనిషి ఎక్కువ మాట్లాడడానికి ఏది పనికొస్తుందో చూసుకుంటే వాటిలో చాలావరకు తేలిపోతాయి.

భాష రావడం, భాష నేర్పడం

ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారికి ఈ పని తేలిగ్గా కనిపించడం సహజం. అయితే భాష రావడం వేరు, అది ఎలా పనిచేస్తుందో ఇంకొకరికి పట్టుబడేలా చేయడం వేరు. 'ఐ హావ్ సీన్ ఇట్ యెస్టర్డే' అన్న వాక్యంలో తప్పుందని చెప్పడానికి చెవి చాలు. ఎందుకు తప్పు, 'ఐ హావ్ సీన్ ఇట్ టుడే' అంటే ఎందుకు తప్పు కాదు అని స్టూడెంట్ అడిగినప్పుడు రెండు తేలిక వాక్యాల్లో, అతనికి తెలిసిన మాటలతోనే చెప్పడానికి మాత్రం సాధన కావాలి. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో చాలామంది తడబడేది ఇక్కడే. ఊపిరి తీసుకున్నంత సహజంగా వాడిన భాష గురించి విడిగా ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ వచ్చి ఉండదు.

ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లను ఇంకో భయం వెనక్కి లాగుతుంది: 'మన యాసతో మన దగ్గర ఎవరు నేర్చుకుంటారు?' ఇది ఉత్త భయమే అనలేం. 'నేటివ్ స్పీకర్లు మాత్రమే' అన్న ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని దేశాల స్టూడెంట్లు ఫిల్టర్ పెట్టుకుని మరీ అలాంటి టీచర్లనే వెతుకుతారు. దీన్ని దాచిపెట్టి ధైర్యం చెప్పడం సరికాదు. కానీ ప్రపంచంలో ఇంగ్లీషు వాడేవారిలో మాతృభాషగా మాట్లాడేవాళ్లే తక్కువ, నేర్చుకుని వాడేవాళ్లే చాలా ఎక్కువ అన్నదీ అంతే నిజం. భాషావేత్త బ్రజ్ కచ్రూ 1985లోనే ప్రపంచ ఇంగ్లీషును మూడు వలయాలుగా (మాతృభాషగా మాట్లాడే దేశాలు, రెండో భాషగా వాడే దేశాలు, పరాయి భాషగా నేర్చుకునే దేశాలు) చూపి, ఆ భాష ఒక్క చోటి సొత్తుగా మిగల్లేదని వాదించారు. మంచి టీచరంటే నేటివ్ స్పీకరే అన్న నమ్మకాన్ని మరో భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో సూటిగా 'భ్రాంతి' అన్నారు. ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టీసోల్ కూడా నాన్ నేటివ్ టీచర్ల పట్ల వివక్షను వ్యతిరేకిస్తూ 2006లో ప్రకటన చేసింది.

సిద్ధాంతాలు పక్కన పెట్టినా, క్లాసులో కనిపించే మేలు ఒకటుంది. ఇంగ్లీషును కష్టపడి నేర్చుకున్న టీచరుకు ఆ దారిలో ఎక్కడెక్కడ గోతులున్నాయో తెలుసు. 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక రష్యన్ స్టూడెంట్ తికమకపడుతుంటే, ఆ భాషలో ఆర్టికల్సే లేవన్న సంగతి తెలిసిన టీచరు విసుక్కోరు. అరబిక్ మాట్లాడేవారికి 'ప', 'బ' ఎందుకు కలిసిపోతాయో, స్పానిష్ వాళ్లు 'స్కూల్'ను 'ఎస్కూల్' ఎందుకంటారో, జపాన్ స్టూడెంట్లకు 'ల', 'ర' తేడా ఎందుకు వినపడదో టీచరు కొంచెం చదువుకుని ఉంటే స్టూడెంట్‌కు కొండంత ధైర్యం. 'తప్పు నాది కాదు, నా మాతృభాష అలా అలవాటు చేసింది' అని తెలిసిన మరుక్షణం వాళ్లు గొంతు పెంచి మాట్లాడతారు.

ఉచ్చారణ విషయంలో పెట్టుకోవాల్సిన గురి అవతలివాళ్లకు స్పష్టంగా అర్థం కావడం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు అపార్థాలు ఎక్కడ వస్తున్నాయో భాషా పరిశోధకురాలు జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి 2000లో వివరించారు. అచ్చుల హ్రస్వ దీర్ఘాలు, మాట మొదట్లో వచ్చే జంట హల్లులు, వాక్యంలో ఏ మాట మీద ఒత్తు పడుతుందన్నది ప్రధానమని తేల్చారు. 'థింక్' అనే మాటలో నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే శబ్దం అంత కీలకం కాదన్నారు. కాబట్టి బ్రిటిష్ యాసో అమెరికన్ యాసో అరువు తెచ్చుకోవడానికి నెలలు ఖర్చుపెట్టేకన్నా 'లివ్', 'లీవ్' తేడా తేటగా పలకడం, వేగం తగ్గించడం, మాటల చివర్లు మింగకుండా ఉండడం నేర్చుకుంటే ఎంతో నయం.

సర్టిఫికెట్ సంగతి

ఇంగ్లీషు నేర్పే టీచర్లకు ప్రపంచమంతటా చెల్లే లైసెన్సు అంటూ ఒకటి లేదు. టెఫల్, టీసోల్ (ఇతర భాషల వారికి ఇంగ్లీషు నేర్పడం) పేర్లతో వచ్చే టీచర్ ట్రైనింగ్ కోర్సులన్నిటినీ నియంత్రించే ఒకే సంస్థ కూడా లేదు. అందుకే 'అంతర్జాతీయ గుర్తింపు' అన్న మాట ఎవరైనా ముద్రించుకోవచ్చు. వారాంతంలో ముగిసే కోర్సుకూ, నెల రోజులు నిద్ర లేకుండా చేసే కోర్సుకూ బయటికి ఒకే రకమైన పేరుండడం కొత్తవారిని మోసపుచ్చుతుంది.

ఉన్నవాటిలో బరువైనవి రెండు. ఒకటి కేంబ్రిడ్జ్ వారి సెల్టా. దీని మూలాలు 1962లో జాన్ హేక్రాఫ్ట్ లండన్‌లో ఇంటర్నేషనల్ హౌస్ తరఫున మొదలుపెట్టిన చిన్న ట్రైనింగ్‌లో ఉన్నాయి. కనీసం 120 గంటల కోర్సు, నాలుగు రాత పనులు. వీటన్నిటికన్నా విలువైనది ఆరు గంటల పాటు నిజమైన స్టూడెంట్లకు పాఠం చెప్పడం, శిక్షకులు వెనక కూర్చుని దాన్ని గమనించడం. రెండోది ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సర్ట్ టీసోల్. అందులోనూ ఆరు గంటల టీచింగ్ ప్రాక్టీసు ఉంటుంది. 2020 తర్వాత సెల్టాను పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే వీలు కూడా వచ్చింది. ఖర్చు మాత్రం ఎక్కువే.

తక్కువ ధరకు దొరికే 120 గంటల ఆన్‌లైన్ టెఫల్ కోర్సుల్లో చాలావాటిలో చదవడం, క్విజ్‌లు రాయడం తప్ప ఎవరి ముందూ పాఠం చెప్పే అవకాశం ఉండదు. అంతమాత్రాన అవి పనికిరానివని కాదు. చాలా కంపెనీలు దరఖాస్తు దశలో ఏదో ఒక సర్టిఫికెట్ అడుగుతాయి, ఆ గేటు దాటడానికి ఇవి చాలు. పైగా లెసన్ ప్లాన్ అంటే ఏమిటో, లెవెల్స్ ఎలా చూస్తారో పరిచయం అవుతుంది. అయితే ఈ వృత్తిలో ఎదుగుదల ఎక్కువగా వచ్చేది ఒకరు చూసి తప్పు చెప్పడం వల్ల. "మీరు ప్రశ్న అడిగి, జవాబు కూడా మీరే చెప్పేశారు" అని ఎవరో ఒకరు చూపించేదాకా అది మనకు తెలియదు. పెద్ద కోర్సుకు డబ్బు లేనివాళ్లు ముగ్గురు నలుగురు కొత్త టీచర్లతో జట్టు కట్టి, ఒకరి క్లాసు ఒకరు చూసుకున్నా ఈ లోటు కొంత తీరుతుంది. స్టూడెంట్ అనుమతి తీసుకుని సొంత క్లాసుల్ని రికార్డు చేసి, వారానికి ఒకటి చొప్పున నిజాయతీగా వినడం అన్నిటికన్నా చవక.

ఎవరికి చెప్పాలి

'అన్ని లెవెల్స్, అన్ని వయసులు, గ్రామర్, స్పీకింగ్, బిజినెస్ ఇంగ్లీష్, పరీక్షలు' అని ప్రొఫైల్‌లో రాసుకోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. అందరికీ పనికొస్తామని చెప్పుకుంటే ఏ ఒక్కరికీ 'నాకోసమే' అనిపించదు. అంతకన్నా ముఖ్యం, టీచరుకే ఇది నష్టం. సోమవారం ఏడేళ్ల పిల్లవాడికి రంగుల పేర్లు, మంగళవారం ఒక ఇంజినీరుకు ప్రెజెంటేషన్, బుధవారం ఐఈఎల్‌టీఎస్ వ్యాసం అంటే ప్రతి క్లాసుకూ కొత్తగా తయారవ్వాలి. ఒకటి రెండు రకాల స్టూడెంట్లనే ఎంచుకుంటే అదే పాఠం ఐదుగురికి పనికొస్తుంది, అయిదోసారికి బాగా సానబడుతుంది.

ఉదాహరణకు ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ తీసుకుంటే దానికో కచ్చితమైన ఆకారం ఉంది. పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. ధారాళత, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ అన్న నాలుగింటికీ సమానంగా మార్కులు. ఇలాంటి చట్రం కొత్త టీచరుకు ఊతకర్రలా పనికొస్తుంది. ఏం చెప్పాలన్న టెన్షన్ ఉండదు, స్టూడెంట్‌కూ ఎక్కడున్నాడో ఎక్కడికి వెళ్లాలో కనిపిస్తుంది. కాకపోతే పరీక్ష అయిపోగానే ఆ స్టూడెంట్ వెళ్లిపోతాడు, కొత్తవాళ్లను వెతుకుతూనే ఉండాలి. జనరల్ స్పీకింగ్ కోసం వచ్చేవాళ్లు ఏడాది రెండేళ్లు కొనసాగుతారు గానీ, చట్రం టీచరే కట్టుకోవాలి. ఉద్యోగ రంగం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. నర్సుగానో అకౌంటెంటుగానో ప్రోగ్రామరుగానో పనిచేసిన అనుభవం ఉంటే ఆ రంగం వాళ్లకే ఇంగ్లీషు చెప్పడం మంచిది. డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతులు అప్పగించే హ్యాండోవర్ సమయంలో నర్సు వాడే మాటలు ఎలా ఉంటాయో గ్రామర్ పుస్తకం చెప్పదు.

చిన్న పిల్లల క్లాసులు వేరే ప్రపంచం. పాట, ఆట, బొమ్మ, ఐదు నిమిషాలకోసారి కొత్త పని లేకపోతే పిల్లవాడు కుర్చీ దిగి వెళ్లిపోతాడు. పిల్లలకు చెప్పే సంస్థలు చాలావరకు టీచరు నేర చరిత్ర తనిఖీ పత్రం అడుగుతాయి, అడగాలి కూడా. పెద్దవాళ్ల అనుమతి లేకుండా పిల్లల క్లాసు రికార్డు చేయడం గానీ, తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలకు విడిగా మెసేజ్‌లు పంపడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఎవరికి చెప్పినా లెవెల్ తెలుసుకునే కొలబద్ద ఒకటి ఉండాలి. యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్ఆర్ చట్రం ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు చూపిస్తుంది. ఏ మెట్టు మీద ఉన్నవారు ఏం చేయగలరో మామూలు మాటల్లో చెబుతుంది. మాటల వెనక ఉన్న లెక్క కూడా టీచరుకు తెలియాలి. కేంబ్రిడ్జ్ అంచనా ప్రకారం బీ1 చేరడానికి మొత్తం 350 నుంచి 400 గంటల చదువు, బీ2కి 500 నుంచి 600 గంటలు పడుతుంది. అంటే ఆ ఒక్క మెట్టు ఎక్కడానికే దాదాపు 150 నుంచి 200 గంటలు. వారానికి ఒక గంట క్లాసు తీసుకునే స్టూడెంట్‌కు ఏడాదిలో వచ్చేది 50 గంటలు. ఈ లెక్క తెలిసిన టీచరు 'ముప్పై రోజుల్లో ఇంగ్లీష్' అని ప్రకటన ఇవ్వలేరు. దాని బదులు క్లాసు బయట ఏం వినాలో, ఏం చదవాలో, రోజూ ఇరవై నిమిషాలు ఏం చేయాలో మొదటి వారంలోనే చెబుతారు. చేతిలో ఉన్న ఆ కొద్ది గంటల్ని మాత్రం స్టూడెంట్ ఒంటరిగా చేయలేని పనికి, అంటే మాట్లాడడానికి వాడతారు.

డబ్బు లెక్క

క్లాసులు దొరికే దారులు మూడు. కంపెనీ పాఠం, స్టూడెంట్, రేటు అన్నీ తానే నిర్ణయించి టీచరును పెట్టుకోవడం ఒకటి. టీచరు సొంత ధర పెట్టుకుని, కమిషన్ కట్టే మార్కెట్ లాంటి ప్లాట్‌ఫామ్ రెండోది. ఎవరి మధ్యవర్తిత్వం లేకుండా సొంతంగా స్టూడెంట్లను తెచ్చుకోవడం మూడోది.

మొదటి దారిలో ప్రశాంతత ఉంది, కానీ అది ఎంత బలహీనమో 2021లో తెలిసొచ్చింది. అప్పటిదాకా చైనా పిల్లలకు విదేశాల నుంచి ఇంగ్లీషు చెప్పడం భారీ వ్యాపారం. 2013లో మొదలైన వీఐపీకిడ్ లాంటి కంపెనీల్లో వేల మంది టీచర్లు పనిచేసేవాళ్లు. 2021 జులైలో చైనా ప్రభుత్వం పిల్లల మీద హోంవర్కు, ట్యూషన్ల భారం తగ్గించే విధానం తెచ్చింది. దేశం బయట ఉండే టీచర్లను ట్యూషన్లకు పెట్టుకోవడాన్నీ నిషేధించింది. ఆగస్టులోనే వీఐపీకిడ్ విదేశీ టీచర్ల క్లాసుల కొత్త ప్యాకేజీలు అమ్మడం ఆపేసింది. బాగా చెప్పేవాళ్లూ, ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఒకే సీజన్‌లో పని పోగొట్టుకున్నారు. వాళ్ల స్టూడెంట్ల చిరునామాలు గానీ, వాడిన పాఠాలు గానీ వాళ్ల చేతిలో లేవు. ఒక్క కంపెనీ మీద, ఒక్క దేశం మీద మొత్తం ఆదాయం పెట్టుకోకూడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

రెండో దారి కొత్తవారికి ఎక్కువ అందుబాటులో ఉంటుంది. ఇలాంటి ప్లాట్‌ఫామ్‌లలో ఒకటైన ఐటాకీలో టీచింగ్ అర్హత ఉన్నవారికి, లేనివారికి వేర్వేరు వర్గాలుంటాయి. మరో ప్లాట్‌ఫామ్ ప్రెప్లీలో ప్రతి కొత్త స్టూడెంట్ మొదటి క్లాసు ఫీజు మొత్తం ప్లాట్‌ఫామ్‌కే వెళుతుంది. ఆ తర్వాత కమిషన్ 33 శాతంతో మొదలై, చెప్పిన గంటలు పెరిగేకొద్దీ తగ్గుతూ 400 గంటలు దాటాక 18 శాతానికి చేరుతుంది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరే రోజున స్వయంగా చదువుకోవాలి. కానీ లెక్క వేసే తీరు మారదు.

గంటకు 10 డాలర్లు పెట్టిన ఒక కొత్త టీచరును ఊహించుకుందాం. వారంలో 20 గంటల క్లాసులు, అందులో నాలుగు ట్రయల్స్. డబ్బు వచ్చేది 16 గంటలకే, కమిషన్ పోగా గంటకు 6 డాలర్ల 70 సెంట్లు. మొత్తం 107 డాలర్ల చిల్లర. ప్రతి క్లాసుకూ తయారవడానికి ఇరవై నిమిషాలు వేసుకుంటే ఇంకో ఆరు గంటల నలభై నిమిషాలు. అంటే దాదాపు 27 గంటల పనికి చేతికొచ్చింది గంటకు సుమారు 4 డాలర్లు. ప్రొఫైల్‌లో 10 అని ఉన్నా అసలు సంపాదన నాలుగే. ఇది చూసి చాలామంది నిరుత్సాహపడి మానేస్తారు.

అదే టీచరు ఏడాది నిలబడ్డారనుకుందాం. 400 గంటలు దాటాయి, ఇరవై మందీ పాత స్టూడెంట్లే, ట్రయల్స్ లేవు, ఒకే రకం పాఠాలు కాబట్టి తయారీకి క్లాసుకు ఐదు నిమిషాలు చాలు. ఇప్పుడు 20 గంటలకు 164 డాలర్లు, పనిచేసిన సమయం 21 గంటల 40 నిమిషాలు. గంటకు ఏడున్నర డాలర్లు. ఫీజు ఒక్క డాలరు పెంచకుండానే ఆదాయం దాదాపు రెట్టింపయింది. దీనికి కారణం కొత్తవాళ్లను తేవడం కాదు, ఉన్నవాళ్లు నిలవడం. స్టూడెంట్ రెండో నెల మళ్లీ రావడం మీదే ఈ వృత్తి ఆర్థికమంతా ఆధారపడి ఉంటుంది. తర్వాత ఫీజు పెంచడం సులభం. కొత్తగా చేరేవాళ్లకు ముందు పెంచి, పాతవాళ్లకు నెల ముందు చెప్పి కొంచెంగా పెంచితే ఎవరూ బాధపడరు.

మూడో దారిలో కమిషన్ ఉండదు గానీ ఫీజు వసూలు, టైమ్ టేబుల్, ప్రచారం అన్నీ టీచరే చూసుకోవాలి. ప్లాట్‌ఫామ్‌లో పరిచయమైన స్టూడెంట్లను బయటికి లాక్కెళ్లడం చాలాచోట్ల నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోయే ప్రమాదం ఉంది. సొంత స్టూడెంట్లు సొంత పరిచయాల నుంచే రావాలి. ఏ దారిలో వెళ్లినా క్లాసుకు ఇరవై నాలుగు గంటలకన్నా తక్కువ వ్యవధి ఉండగా క్యాన్సిల్ చేస్తే ఫీజు తిరిగి రాదన్న నియమం మొదటి రోజే రాసి పంపాలి. మొహమాటపడితే నెలకు నాలుగైదు గంటలు ఖాళీ తెర ముందు కూర్చోవాల్సి వస్తుంది. ఎక్కువ చోట్ల ఆన్‌లైన్ టీచరు ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసే వ్యక్తి. కాబట్టి పన్ను, సెలవులు, జబ్బు రోజులు అన్నీ వచ్చిన డబ్బులోంచే చూసుకోవాలి.

క్లాసు లోపల

ఒక చిన్న తప్పు దగ్గర ఆగి చూస్తే ఈ పని ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది. స్టూడెంట్ తన ఉద్యోగం గురించి చెబుతూ "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటుంది. ప్రపంచంలో ఎన్నో భాషల వాళ్లు ఈ వాక్యం ఇలాగే చెబుతారు. జర్మన్‌లో 'జైట్', ఫ్రెంచ్‌లో 'దెప్యుయి' అనే ఒక్క మాటే 'సిన్స్'కూ 'ఫర్'కూ సరిపోతుంది, క్రియ కూడా వర్తమానంలోనే ఉంటుంది.

టీచరు ముందు మూడు దారులున్నాయి. "ఓ, యు హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్!" అని సరైన రూపాన్ని తిరిగి పలికి సాగిపోవడం మొదటిది. వినడానికి మర్యాదగా ఉంటుంది, టీచర్లు ఎక్కువగా చేసేదీ ఇదే. పరిశోధకులు రాయ్ లిస్టర్, లీలా రాంటా కెనడాలోని ఫ్రెంచ్ క్లాసుల్ని పరిశీలించి 1997లో ప్రచురించిన ఫలితాల్లో టీచర్ల దిద్దుబాట్లలో 55 శాతం ఈ రకమే. కానీ వాటికి స్టూడెంట్లు ఏదో ఒకరకంగా స్పందించింది 31 శాతం సందర్భాల్లోనే. చాలామందికి తమను దిద్దారన్న సంగతే తెలిసి ఉండకపోవచ్చు. మాట్లాడుతున్నదాన్ని ఆపేసి పది నిమిషాలు టెన్సెస్ మీద ఉపన్యాసం చెప్పడం రెండో దారి. అప్పుడు ఉద్యోగం గురించి ఆమె చెప్పబోయిన ముచ్చట గొంతులోనే ఆగిపోతుంది.

మూడో దారికి కొంచెం ఓపిక కావాలి. ఆమెను పూర్తిగా చెప్పనిచ్చి, ఆ వాక్యాన్ని చాట్ బాక్సులో ఆమె అన్నది అన్నట్టే రాయాలి. "ఇందులో ఏమైనా మార్చాలా?" అని అడిగి ఆగాలి. ఆమెకు తట్టకపోతే తెర మీద ఒక గీత గీసి, ఒక చివర చేరిన ఏడాది, ఇంకో చివర ఇవాళ్టి తేదీ పెట్టాలి. "ఎప్పుడు చేరారు? ఇంకా అక్కడే ఉన్నారా?" ఈ రెండు ప్రశ్నలకు ఆమె జవాబు చెబితే ఆ టెన్స్ అర్థం ఆమె నోటితోనే వచ్చేసినట్టు. తర్వాత 'సిన్స్', 'ఫర్' అని రెండు వరుసలు పెట్టి, 'మండే', 'టూ అవర్స్', '2019', 'ఎ లాంగ్ టైమ్', 'లాస్ట్ వింటర్' ఏ వరుసలోకి వెళతాయో ఆమెతోనే సర్దించాలి. చివరగా తన ఇల్లు, తన ఫోను, తన స్నేహితురాలు, ఈ మూడింటి గురించి మూడు వాక్యాలు చెప్పమనాలి. మొత్తం నాలుగైదు నిమిషాలు. అందులో టీచరు గొంతు వినిపించేది ఒక నిమిషం లోపే.

'అర్థమైందా?' అన్న ప్రశ్న ఇక్కడ ఎక్కడా రాలేదు. ఆ ప్రశ్నకు అర్థం కాకపోయినా మనుషులు అవుననే అంటారు. అర్థమైనట్టు చేసి చూపించే చిన్న పని ఇస్తేనే నిజం తెలుస్తుంది.

ఇంకో అలవాటు, మౌనాన్ని భరించడం. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే స్టూడెంట్ల జవాబులు పొడవవుతాయని, 'తెలియదు' అనడం తగ్గుతుందని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. ఆమె గమనించింది పిల్లల సైన్స్ క్లాసుల్ని. పరాయి భాషలో వాక్యం కూర్చుకోవాల్సిన మనిషికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఆన్‌లైన్‌లో మాట చేరడానికే కొంత ఆలస్యం అవుతుంది. కెమెరా ముందు ఐదు సెకన్ల మౌనం టీచరుకు యుగంలా అనిపిస్తుంది, లోపల టెన్షన్ మొదలవుతుంది. ఆ సమయంలో మైక్ మ్యూట్ చేసుకుని మనసులో లెక్కపెట్టుకోవడం చాలామందికి పనిచేసే చిట్కా. ఆ ఐదు సెకన్ల తర్వాత వచ్చే వాక్యం టీచరు అందించిన వాక్యంకన్నా ఎప్పుడూ విలువైనదే.

కొద్దిపాటి సరంజామా

సామగ్రి మీద కొత్తవారు అవసరానికి మించి ఖర్చుపెడతారు. ముఖం కొంచెం మసకగా కనిపించినా స్టూడెంట్ సర్దుకుంటాడు, గొంతు తెగితెగి వినపడితే మాత్రం సర్దుకోడు. కాబట్టి మొదటి ఖర్చు మైకు ఉన్న మంచి హెడ్‌సెట్ మీద, రెండోది నమ్మకమైన ఇంటర్నెట్ మీద పెట్టాలి. వైఫైకి బదులు కేబుల్ గుచ్చుకుంటే సగం సమస్యలు పోతాయి. వెలుతురు వెనక నుంచి కాకుండా ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చుంటే ప్రత్యేకంగా దీపాలు అక్కర్లేదు. కరెంటు పోతే ఫోన్ డేటాతో కొనసాగించే ఏర్పాటు ముందే పరీక్షించి పెట్టుకోవాలి. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది కాబట్టి సొంతంగా గంట క్లాసులు పెట్టేవాళ్లు ఆ సంగతి ముందే చూసుకోవాలి.

టైమ్ జోన్లు ఊహించని చోట దెబ్బతీస్తాయి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. జపాన్, కొరియాల్లో అసలు జరగవు. మార్చిలో ఆ రెండు మూడు వారాలు రెండు ఖండాల్లోనూ స్టూడెంట్లున్న టీచరు క్లాసులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మొదటి ఏడాది చాలామంది కనీసం ఒక క్లాసు ఇలా పోగొట్టుకుంటారు. అందరి సమయాలూ స్టూడెంట్ ఊరి పేరుతో క్యాలెండర్‌లో పెట్టుకుంటే ఈ చిక్కు రాదు.

స్టూడెంట్ ఎందుకు నిలుస్తాడు

ప్రతి స్టూడెంట్ పేరు మీద ఒక పేజీ పెట్టుకోవడం టీచరు చేయగలిగిన పనుల్లో చాలా చిన్నది, చాలా ఫలితమిచ్చేది. ఇవాళ ఏం మాట్లాడుకున్నాం, ఏ మూడు తప్పులు వచ్చాయి, ఏ కొత్త మాటలు వచ్చాయి, కూతురి పరీక్ష ఎప్పుడన్నారు, ఇంతే. తర్వాతి క్లాసు ఆ మూడు తప్పులతోనే మొదలవ్వాలి. ఒకసారి నేర్చుకున్న మాట ఎంత త్వరగా జారిపోతుందో మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. రెండు రోజులకు, వారానికి, మూడు వారాలకు ఆ మాట మళ్లీ ఎదురైతేనే నిలుస్తుంది. చాట్‌బాట్‌తో రోజూ మాట్లాడే స్టూడెంట్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. దాన్ని పోటీగా చూడాల్సిన పని లేదు, హోంవర్కుగా వాడుకోమని చెప్పవచ్చు. కానీ గత గురువారం ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడిగి, జవాబు చెబుతుంటే ముఖంలో వచ్చిన తడబాటు గమనించి, ప్రశ్నను కొంచెం తేలిక చేసే మనిషి కోసమే వాళ్లు క్లాసుకు డబ్బు కడుతున్నారు.

పురోగతి పరీక్ష మార్కుల కన్నా ముందు ఇంకోచోట కనిపిస్తుంది. అయిదో వారమో ఆరో వారమో స్టూడెంట్ మాట్లాడుతూ మాట్లాడుతూ "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్..." అని ఆగుతుంది. కళ్లు పైకెత్తి ఒక క్షణం ఆలోచిస్తుంది. టీచరు నోరు మెదపరు. "నో... ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అని తనే దిద్దుకుని, ఆగకుండా ఇంటి ఓనరు గురించిన కథలోకి వెళ్లిపోతుంది. టీచరు ఆమె పేజీలో 'సిన్స్, ఫర్' పక్కన ఒక టిక్కు పెట్టి మళ్లీ వింటారు.